మళ్ళీ అదే గడప దగ్గరికి

పోయిన నెల ఆఫీసులో మీటింగ్ అయ్యాక మా టీంలో కొత్తగా చేరిన ఒక తమ్ముడు, డేటా సైన్స్ చదివొచ్చాడు, చాలా తెలివైనవాడు, నాతో ఒక మాట అన్నాడు. "అక్కా, ఇప్పుడు ఆసుపత్రులన్నీ కంప్యూటర్లలోకి వచ్చేశాయి, ఆరోగ్యశ్రీ డేటా ఉంది, ఆభా నంబర్లు, అదే ఒక్కొక్కరి ఆరోగ్య రికార్డులకి ఇచ్చే నంబర్లు ఉన్నాయి, లక్షల మంది రికార్డులు కూర్చున్నచోటే దొరుకుతుంటే ఇంకా ఇంటింటికీ తిరిగి రక్తం తీసి, పదేళ్ళాగి మళ్ళీ అదే ఇంటికి వెళ్ళడం ఎందుకు, దండగ కదా?" అని. అప్పుడు క్యాబ్ వచ్చేసింది, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అప్పట్నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది. అందుకే ఇక్కడ రాస్తున్నా, కాస్త పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేనెవరో చెప్పాలి ముందు. మా అమ్మ పాలమూరు వైపు ఒక సబ్ సెంటర్‌లో ఏఎన్ఎం, రిటైరై చాలా ఏళ్ళయింది. నేను డిగ్రీ అయ్యాక కొన్నేళ్ళు హెల్త్ సర్వేల్లో ఫీల్డు పని చేశాను, ఇల్లిల్లూ తిరగడం, బీపీ చూడడం, ప్రశ్నలు అడగడం, తర్వాత మెల్లగా డేటా మేనేజ్‌మెంట్ వైపు వచ్చేశాను. అంటే ఆ నంబరు ఎక్కడ పుడుతుందో చూశాను, ఆ నంబరు ఎక్సెల్ షీటులోకి వచ్చాక ఎలా ఉంటుందో కూడా చూస్తున్నాను. ఈ రెండిటి మధ్య ఎంత దూరం ఉందో చూసినవాళ్ళు తక్కువ, అందుకే ఈ విషయంలో నాకు కాస్త గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

లాంగిట్యూడినల్ అని పెద్ద పేరు పెడతారుగానీ విషయం చిన్నదే. ఒకే మనిషిని ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ చూడడం. ఇవాళ ఊళ్ళో అందరి ఎత్తూ కొలిచామనుకోండి, తాతలు పొట్టిగా, మనవళ్ళు పొడుగ్గా ఉంటారు. ఆ ఒక్కరోజు లెక్క పట్టుకుని మనిషి ముసలివాడయ్యేసరికి జానెడు తగ్గిపోతాడు అని రాస్తే తప్పు, ఎందుకంటే వయసుతో తగ్గేది కొంతే, మిగతాదంతా ఆ తాతలు చిన్నప్పుడు తిన్న తిండి తేడా. ఏది వయసు వల్ల, ఏది కాలం మారడం వల్ల, ఏది పుట్టిన తరం వల్ల అనేది ఒక్కసారి చూసి విడదీయలేం. బీపీకైనా షుగర్‌కైనా ఇదే కథ.

మన దేశంలో ఆరోగ్యం గురించి పేపర్లో ఏ లెక్క వచ్చినా ఎక్కువ భాగం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నుంచే వస్తుంది, ఎన్ఎఫ్‌హెచ్ఎస్ అంటాం. 1992-93లో మొదటిది, 2019-21లో అయిదోది, ఆ అయిదోదాంట్లో 6.36 లక్షల ఇళ్ళు తిరిగారు. ఆ పని మీద నాకు చాలా గౌరవం ఉంది. జిల్లా స్థాయి దాకా లెక్క ఇచ్చే ఇంత పెద్ద సర్వేలు చాలా తక్కువ. కానీ ప్రతిసారీ ఇళ్ళు వేరు, మనుషులు వేరు. ఫొటోలు చాలా ఉన్నాయి, ఏ రెండు ఫొటోల్లోనూ ఒకే మనిషి ఉండరు. దాన్నుంచి "రాష్ట్రంలో పెరిగింది, తగ్గింది" అని చెప్పొచ్చు, "ఈ పిల్లకి రక్తం తక్కువుండేది కాబట్టి పెద్దయ్యాక ఇలా అయ్యింది" అని చెప్పడం కుదరదు.

పైగా పెరిగింది తగ్గింది అనేది కూడా అంత తేలిక కాదు. రక్తహీనత సంగతే చూడండి. నాలుగో సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లల్లో 58.6 శాతం, అయిదోదాంట్లో 67.1 శాతం. ఆడవాళ్ళలో 53 నుంచి 57 అయ్యింది. పేపర్లన్నీ గగ్గోలు పెట్టాయి. కానీ ఈ సర్వేలో హిమోగ్లోబిన్ చూసేది వేలు గుచ్చి తీసిన చుక్కతో. నేను వేలు గుచ్చాను, నాకు తెలుసు. చలికాలం పొద్దున్నే చేతులు చల్లగా ఉంటాయి, చుక్క రాదు, మనం వేలు పిండుతాం, పిండితే రక్తంతో పాటు కణజాలంలోని నీరు కూడా కలిసి వస్తుంది, మిషన్ మీద అంకె పడిపోతుంది. పిండకూడదని ట్రైనింగ్‌లో పదిసార్లు చెప్తారు. తల్లి ఒళ్ళో ఏడాది పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, ఇంకోసారి గుచ్చనీయను అని ఆ తల్లి అంటుంటే, ఎవరైనా పిండుతారు. 2016-18 మధ్య పిల్లల పోషకాహారం మీద ఇంకో జాతీయ సర్వే జరిగింది, వాళ్ళు నరం నుంచి రక్తం తీశారు, వాళ్ళకి ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో వచ్చింది 41 శాతం. వయసు గీతలో కాస్త తేడా ఉంది, నిజమే, కానీ 58కీ 41కీ మధ్య దూరమంతా ఆ గీత వల్ల వచ్చిందంటే నేను ఒప్పుకోను. చివరికి ఆరో సర్వేలో రక్తహీనత పరీక్షే తీసేసి, మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థకి నరం రక్తంతో వేరే సర్వే అప్పజెప్పారు. మంచిదే, కొలత బాగుపడుతుంది. కానీ పాత సర్వేల పక్కన ఈ కొత్త అంకె పెట్టి పోల్చడానికి ఇక వీల్లేదు. కొలిచే పద్ధతి బాగుచేస్తే గొలుసు తెగుతుంది, గొలుసు కాపాడాలంటే తప్పు కొలతే మోసుకుంటూ పోవాలి. ఇందులో సులువైన దారి లేదు, రెండు పద్ధతులూ ఒకే మనిషి మీద ఒకేరోజు వాడి తేడా రాసిపెట్టుకోవడం ఒక్కటే మార్గం, దానికేమో బడ్జెట్ ఉండదు.

ఇంకో గొలుసు తెగడం మనవాళ్ళకి బాగా తెలిసిందే, జిల్లాలు. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రలో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. పాలన కోసం చేశారు, అది వేరే చర్చ. కానీ ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అంకె పక్కన ఇప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అంకె పెట్టి గ్రాఫ్ గీసినవాళ్ళని నేను చూశాను. పేరొక్కటే అదే, నేల వేరు, జనం వేరు. నారాయణపేట, గద్వాల, నాగర్‌కర్నూల్, వనపర్తి అన్నీ విడిపోయాక మిగిలిన ముక్క అది.

సరే, ఆ తమ్ముడు చెప్పిన ఆసుపత్రి డేటాకి వద్దాం. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం మూడు జిల్లాల్లో మొదలైంది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి పెద్ద ఆపరేషన్లు ఉచితం. ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో మా ఊళ్ళోనే చూశాను, గుండెలో రంధ్రం ఉన్న పిల్లలు బతికారు. డేటాగా చూసినా గొప్పదే, తేదీ ఉంటుంది, వయసు ఉంటుంది, ఏ ఆపరేషన్ అయ్యిందో కచ్చితంగా ఉంటుంది, మనిషి జ్ఞాపకం మీద ఆధారపడే పని లేదు. కానీ ఆ రికార్డు పుట్టింది డబ్బు చెల్లింపు కోసం. ప్యాకేజీలో ఉన్న జబ్బే అందులో కనిపిస్తుంది. ఓపీలో బీపీ బిళ్ళలు రాయించుకున్నవాళ్ళు ఉండరు. ఆసుపత్రి దాకా రాకుండా ఇంట్లోనే పోయినవాళ్ళు ఉండరు. జబ్బు లేనివాళ్ళు అసలే ఉండరు, మరి జబ్బు లేనివాళ్ళు తెలియకుండా ఎందరిలో ఎందరికి వచ్చిందో ఎలా లెక్క కడతాం?

దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది గర్భసంచి ఆపరేషన్. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలోనే ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. ఈ సంగతి బయటపడింది ఆసుపత్రి రికార్డుల నుంచి కాదు, ఇంటికెళ్ళి అడిగిన సర్వే నుంచి. ఎందుకంటే ఎక్కువ ఆపరేషన్లు జరిగింది ప్రైవేటులో, చిన్న టౌన్లలోని నర్సింగ్ హోముల్లో, సొంత డబ్బుతో, అప్పు చేసి. ఏ కంప్యూటర్లోనూ లేవు. ఒక కాగితం ఇస్తారు, ఆ కాగితం ట్రంకు పెట్టెలో ఉంటుంది, లేకపోతే వానకి తడిసిపోతుంది.

నేను ఫీల్డులో ఉన్నప్పుడు ఒకామెని అడిగాను, ఏమైనా ఆపరేషన్లు అయినాయా అమ్మా అని. "పెద్దాపరేషన్ అయింది, సంచి తీసిండ్రు." ఎప్పుడు? "పుష్కరాల ఏడు." నేను 2016 అని రాసేశాను. తర్వాత మాటల్లో అప్పటికి చిన్న కొడుకు ఇంకా బడికి పోవట్లేదు అంది, ఆ కొడుకు అక్కడే కూర్చుని ఉన్నాడు, ఇంటర్ చదువుతున్నాడు. అప్పుడు తెలిసింది, ఆమె చెప్పింది 2004 కృష్ణా పుష్కరాలు. ఒక్క మాటలో పన్నెండేళ్ళు తేడా. ఆమె వయసు లెక్కేసుకుంటే ఇరవై తొమ్మిదేళ్ళకే గర్భసంచి పోయింది, అండాశయాలు ఉంచారో తీసేశారో ఆమెకి తెలియదు. అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసులోనే ముట్లాగిపోయినట్టు, ఎముకల మీద, గుండె మీద ప్రభావం ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత కనిపిస్తుంది. ఆమె మోకాళ్ళు పట్టుకుని లేస్తూ "నలభై దాటంగనే ముసల్దాన్నైపోయిన" అంది. ఇది ఆపరేషన్ వల్లా, కూలి పని వల్లా, తిండి వల్లా? తెలుసుకోవాలంటే ఆపరేషన్ ముందు ఆమె ఎలా ఉందో ఎవరో ఒకరు రాసి ఉండాలి. రాయలేదు.

జ్ఞాపకాన్ని నమ్మొద్దు అని నేననను. జ్ఞాపకానికి ఆసరా ఇవ్వాలి అంటాను. అందుకే ఫీల్డులో ఊరి సంఘటనల క్యాలెండర్ పెట్టుకుంటాం, ఎన్టీఆర్ మొదటిసారి గెలిచింది, రాజశేఖర్ రెడ్డి హెలికాప్టర్ కూలింది, కృష్ణకి పెద్ద వరద వచ్చింది, తెలంగాణ వచ్చింది, ఇలా. దానికి ముందా తర్వాతా అని అడుగుతూ పోతే ఏడాది అటూ ఇటూగా తేలుతుంది. సంవత్సరం చెప్పలేనివాళ్ళు కూడా ముందూ వెనకా బాగా చెప్తారు. ఆధార్‌లో పుట్టినరోజు మాత్రం చాలామందికి జనవరి ఒకటి, అంటే ఎవరో అంచనాగా వేసిన తేదీ అన్నమాట, అంత కచ్చితంగా కనిపించే అంకె కంటే "వరదొచ్చిన ఏడు నడిచే పిల్లని" అన్న మాటే నాకు నమ్మకం.

ఇక కోహార్ట్, అంటే ఒక గుంపుని పట్టుకుని వాళ్ళనే ఏళ్ళ తరబడి వెంట ఉండి చూడడం. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో 1948లో 5209 మందితో మొదలుపెట్టారు, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ గుండెజబ్బు తెస్తాయని మనం ఇవాళ మామూలు మాటలా అనుకుంటున్నామంటే అందులో ఆ ఊరి జనం వాటా పెద్దది. అందరూ దాని గురించే చెప్తారు. మన దగ్గర ఒకటి ఉందని మాత్రం మనవాళ్ళకే తెలియదు.

1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గర పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక ట్రయల్ చేసింది. పక్కపక్కన రెండు బ్లాకులు, ఒక బ్లాకులో అంగన్‌వాడీ పథకం అప్పటికే వచ్చింది, రెండోదాంట్లో ఇంకా రాలేదు. వచ్చిన వైపు 15 ఊళ్ళు, రానివైపు 14 ఊళ్ళు. వచ్చిన వైపు గర్భిణులకి, బాలింతలకి, ఆరేళ్ళలోపు పిల్లలకి మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. అప్పటి ప్రశ్న చిన్నది, పుట్టే పిల్లల బరువు పెరుగుతుందా అని. తర్వాత 2003-05లో సంజయ్ కిన్రా అనే పరిశోధకుడి బృందంవాళ్ళు అదే 29 ఊళ్ళకి వెళ్ళి ఆ పిల్లల్ని వెతికారు. అప్పటికి వాళ్ళకి 13 నుంచి 18 ఏళ్ళు, 1165 మంది దొరికారు. ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు, ఇన్సులిన్ పనితీరు మెరుగ్గా ఉంది, రక్తనాళాలు కాస్త మెత్తగా ఉన్నాయి. తర్వాత రౌండ్లలో వాళ్ళ తల్లిదండ్రుల్ని, తోబుట్టువుల్ని కూడా కలుపుకున్నారు, ఆంధ్రప్రదేశ్ పిల్లలూ తల్లిదండ్రుల అధ్యయనం అని పేరు పెట్టారు, ప్రపంచంలో పల్లెటూళ్ళ మీద ఇలాంటివి చాలా అరుదు.

తల్లి కడుపులో ఉన్నప్పుడు తిన్న ఉప్మాకీ పదిహేనేళ్ళ తర్వాత రక్తనాళానికీ సంబంధం ఉందేమో అని ఏ ఆసుపత్రి డేటా చెప్తుంది? ఆ పిల్లలు ఏ ఆసుపత్రికీ వెళ్ళలేదు, వాళ్ళకి జబ్బేమీ లేదు. ఎవరో వెళ్ళి చూస్తేనే తెలిసింది.

లోపాలు లేవా అంటే చాలానే ఉన్నాయి, దాచను. ఊళ్ళని చీటీలు వేసి పంచలేదు, బ్లాకుని బట్టి పంచారు, కాబట్టి ఆ రెండు బ్లాకుల మధ్య ఇంకేదైనా తేడా ఉంటే అది కూడా ఆ 14 మిల్లీమీటర్లలో కలిసిపోయి ఉండొచ్చు. తర్వాత రెండోవైపు ఊళ్ళకి కూడా పథకం వచ్చింది. అన్నిటికంటే పెద్దది, పదిహేనేళ్ళ తర్వాత వెళ్ళినప్పుడు దొరికేది ఊళ్ళో ఉన్నవాళ్ళే. హైదరాబాద్ చుట్టుపక్కల భూముల ధరలు పెరిగి అమ్ముకుని పోయినవాళ్ళు, పని కోసం వెళ్ళినవాళ్ళు, పెళ్ళయిపోయిన ఆడపిల్లలు దొరకడం చాలా కష్టం.

ఆడపిల్లల సంగతి దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఫీల్డులో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ఇదే. ఒక ఫాలో-అప్‌లో నా దగ్గర లిస్టు ఉండేది, పేర్లు, ఇంటి నంబర్లు, తండ్రి పేరు. మగపిల్లవాడైతే ఊళ్ళో లేకపోయినా ఫోన్ నంబరు ఇస్తారు, పండక్కి వస్తాడు అప్పుడు రండి అంటారు, దసరాకో ఉగాదికో వెళ్తే దొరుకుతాడు. ఆడపిల్ల అయితే "దానికి లగ్గమైంది, అత్తగారింట్ల ఉంది" అంటారు, అంతే. అక్కడికి వెళ్తే ఇంటిపేరు మారి ఉంటుంది, ఒక్కోసారి అసలు పేరే మార్చి పిలుస్తుంటారు, అత్తగారు లోపల్నుంచి ఎవరు మీరు, రక్తం ఎందుకు, మా కోడలికేమైనా జబ్బుందా, పెళ్ళికి ముందు చెప్పలేదే అని మొదలుపెడుతుంది. ఆ మాట ఆ అమ్మాయి కాపురానికే ముప్పు. చాలాసార్లు నేనే వద్దులే అని వెనక్కి వచ్చేశాను. మా షీటులో "దొరకలేదు" అని రాశాను. ఆ గడిలో పడ్డవాళ్ళలో ఎక్కువమంది చిన్న వయసులో పెళ్ళయినవాళ్ళు, అంటే పేదింటి పిల్లలు, అంటే చిన్నప్పటి తిండి ప్రభావం ఎవరి మీద ఎక్కువ చూడాలో సరిగ్గా వాళ్ళే.

వచ్చే తరం రికార్డు కూడా ఇక్కడే తెగుతుంది. మనలో తొలి కాన్పు పుట్టింట్లో. గర్భిణిగా మొదటి నెలలు అత్తగారి ఊరి రిజిస్టర్లో ఉంటుంది, ఏడో నెలలో శ్రీమంతం చేసి పుట్టింటికి తీసుకొస్తారు, కాన్పు ఇక్కడ, మొదటి టీకాలు ఇక్కడ, మూడో నెలో అయిదో నెలో మళ్ళీ అత్తగారింటికి. పిల్ల పేరు అప్పటికి పెట్టి ఉండరు, తల్లి పేరు కింద పాప అని ఉంటుంది. రెండు ఊళ్ళ లెక్కలు కలిపితే ఒకే పిల్ల రెండు సగం పిల్లలుగా కనిపిస్తుంది, ఒకరికి కాన్పు ఉంది తర్వాతి టీకాలు లేవు, ఇంకొకరికి తర్వాతి టీకాలున్నాయి కాన్పు లేదు. పేర్లు కలిపే సాఫ్ట్‌వేర్‌కి ఈ ఆచారం తెలియదు. డేటా ఒకచోట చేరినంత మాత్రాన మనిషి ఒకచోట చేరదు అని ఆ తమ్ముడికి చెప్పాలనుకున్నది ఇదే.

ఇది మన పల్లెల కష్టమే కాదు. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే కౌంటీలో 1911 నుంచి ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే నర్సు ఒక పద్ధతి పెట్టింది, మంత్రసానులు పుట్టిన బిడ్డ బరువు తూచి రాయాలి, తర్వాత ఏడాది నిండాక ఇళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్తలు వెళ్ళి మళ్ళీ తూచి రాయాలి. పెద్ద పెద్ద లెడ్జర్లు. డెబ్బై ఏళ్ళ తర్వాత డేవిడ్ బార్కర్ అనే డాక్టరు బృందానికి అవి దొరికాయి. ఆ బిడ్డల్లో ఎవరు బతికున్నారు, ఎవరు దేనితో పోయారు అని వెతికి 1989లో పేపర్ వేశారు, ఏడాదికి 18 పౌండ్లు దాటనివాళ్ళలో గుండెజబ్బు చావులు బాగా బరువెక్కినవాళ్ళ కంటే దాదాపు మూడు రెట్లు. ఆ మొదటి పేపర్లో ఉన్నది 5654 మంది, అందరూ మగవాళ్ళే. పెళ్ళితో ఇంటిపేరు మారిపోయే ఆడవాళ్ళని వెతకడం అక్కడా కష్టమే. ఇది మొదటిసారి చదివినప్పుడు మా పల్లెల్లో నా షీటులోని ఆ "దొరకలేదు" గడి గుర్తొచ్చి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

మైసూరులో కూడా ఇలాగే ఒక మిషన్ ఆసుపత్రి 1934 నుంచి పుట్టిన పిల్లల కొలతలు రాసి భద్రంగా పెట్టింది, తక్కువ బరువుతో పుట్టడానికీ గుండెజబ్బుకీ సంబంధం మన దేశంలోనూ ఉందని ఆ కాగితాల నుంచే తేలింది. అక్కడ కూడా ఆ తూకం రాసిన నర్సులు ఏ రీసెర్చ్ కోసమూ రాయలేదు.

మా అమ్మ కూడా రాసేది. అర్హులైన దంపతుల రిజిస్టరు, తల్లీపిల్లల రిజిస్టరు, టీకాల రిజిస్టరు, సాయంత్రం లాంతరు ముందు పెట్టుకుని స్కేలుతో గీతలు గీసుకుని రాసేది, ఎర్ర ఇంకుతో ప్రమాదం ఉన్న కాన్పులు. అందులో కూడా తప్పులున్నాయి, పుట్టిన బరువు చాలామందికి 2.5 కిలోలు అని ఉంటుంది, ఎందుకంటే కొక్కెం తక్కెడ ముల్లు 2.4 దగ్గర ఊగుతుంటే చేయి 2.5 రాస్తుంది, అంతకంటే తక్కువ రాస్తే పైనుంచి ప్రశ్నలొస్తాయి. బీపీలన్నీ 120/80. డేటా చూసేవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది, చివరి అంకె సున్నా ఉన్నవి పుట్టలు పుట్టలుగా వస్తాయి. కానీ అమ్మ దగ్గర ఇంకొకటి ఉండేది, మార్జిన్లో చిన్న అక్షరాలతో ఎవరి కోడలు, ఏ ఊరి పిల్ల, ఏ ఊరికి ఇచ్చారు అని. నేను మూడు రోజులు తిరిగినా దొరకని అమ్మాయిని అమ్మ ఆ మార్జిన్ చూసి చెప్పేసేది.

ఆ రిజిస్టర్లు ఇప్పుడు లేవు. అమ్మ రిటైరయ్యాక ఆ సబ్ సెంటర్ కొత్త బిల్డింగులోకి మారింది, పాతవన్నీ కంప్యూటర్లో ఎక్కిపోయాయి కదా అని పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వేసేశారు. కంప్యూటర్లో ఎక్కింది కొన్నేళ్ళవే, మార్జిన్లో రాసింది అసలే ఎక్కలేదు, దానికి గడి లేదు కదా. అమ్మ ఆ విషయం తెలిసిన రోజు ఏమీ అనలేదు, అన్నం తినలేదు.

చావు దగ్గర కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే లాంగిట్యూడినల్ అంటే చివరికి ఎవరు దేనితో పోయారు అనేదాకా వెళ్ళాలి. మన దేశంలో డాక్టరు కారణం రాసిన చావులు అయిదింటిలో ఒకటికి కాస్త పైన. ఆ రాసినవాటిలో కూడా "గుండె ఆగి" అని ఉంటుంది, ఎవరికైనా చివరికి ఆగేది గుండే. అందుకే చావు జరిగిన ఇంటికెళ్ళి అడుగుతారు, ఎన్నాళ్ళు పడుకున్నారు, ఆయాసం ఉందా, కాళ్ళు వాచాయా, ఛాతీలో నొప్పి అన్నారా, ఆ జవాబులు డాక్టరు చదివి కారణం నిర్ణయిస్తాడు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళల్లో ఇలా 1354 చావుల్ని చూశారు, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులే అని తేలింది. పల్లెల్లో జనం అంటురోగాలతోనే పోతారు అని అందరూ అనుకునే రోజుల్లో అది పెద్ద వార్త. ఇల్లిల్లూ తిరిగిన ఊరి ఆరోగ్య కార్యకర్తలే ఆ పని చేశారు. ఆసుపత్రి చావుల్నే లెక్కేసుంటే, ఆసుపత్రికి చేరకుండా గుండెనొప్పితో పోయిన రైతు ఎక్కడా ఉండడు.

సైజు పెద్దదైతే ఇవన్నీ సర్దుకుంటాయి అనే నమ్మకం ఒకటుంది, దాని మీదా చెప్పాలి. బ్రిటన్లో యూకే బయోబ్యాంక్ అని 5 లక్షల మంది డేటా ఉంది, అద్భుతమైన వనరు, నేను కూడా దాని పేపర్లు చదివి నేర్చుకున్నదాన్నే. 40 నుంచి 69 ఏళ్ళవాళ్ళకి ఉత్తరాలు రాశారు, వచ్చింది 5.5 శాతం. వచ్చినవాళ్ళు రానివాళ్ళ కంటే ఆరోగ్యంగా, స్థితిమంతులుగా ఉన్నారు, సిగరెట్ తాగేవాళ్ళు తక్కువ. 5 లక్షలున్నా దేశంలో ఎంతమందికి ఫలానా జబ్బుంది అని దాన్ని అడగకూడదు, వాళ్ళే చెప్పారు ఆ మాట. అలాగే అమెరికాలో 1976లో మొదలైన నర్సుల కోహార్ట్, లక్షా ఇరవై వేల మంది పైనే, ముట్లాగాక హార్మోన్లు వాడితే గుండెజబ్బు తగ్గుతుందని చూపించింది, చీటీలు వేసి ఆడవాళ్ళని రెండు గుంపులుగా పంచి చూసిన ట్రయల్ ఫలితం 2002లో వచ్చాక ఆ ఆశ నిలబడలేదు. హార్మోన్లు వాడినవాళ్ళు ముందే ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్ళు కావడం దానికి ఒక కారణం, వాడడం మొదలుపెట్టిన వయసు ఇంకో కారణం. కోహార్ట్ అంటే నాకెంత ఇష్టమైనా ఇది దాచకూడదు. మన దగ్గర 45 దాటినవాళ్ళతో, వాళ్ళ జీవిత భాగస్వాములతో 2017-18లో మొదలైన లాసీ అనే సర్వే ఉంది, 72 వేల మంది, మళ్ళీ మళ్ళీ వాళ్ళనే చూడాలనేది దాని ఉద్దేశం, చాలా అవసరమైన పని. కానీ ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో నలభైలోపే పోయినవాళ్ళు దాంట్లోకి దాదాపు రారు, తమకో తమ జీవిత భాగస్వామికో 45 వస్తేనే తలుపు తెరుచుకుంటుంది.

ఇప్పుడు నా వాదన చెప్పేస్తాను. ఏ డేటా వచ్చినా నేను ముందు అడిగేది ఎంతమంది ఉన్నారని కాదు, ఎవరు లేరని. ఆసుపత్రి డేటాలో ఆసుపత్రికి రానివాళ్ళు లేరు, సర్వేలో నిన్నటి మనిషి ఇవాళ లేడు, కోహార్ట్‌లో అత్తగారింటికి వెళ్ళిన పిల్ల లేదు. మొదటి రెండిట్లో ఆ లేనివాళ్ళెవరో కూడా మనకి తెలియదు. కోహార్ట్‌లో మాత్రం వాళ్ళ పేరు మన లిస్టులో ఉంది, వాళ్ళు ఒకప్పుడు ఎలా ఉన్నారో తెలుసు, ఇప్పుడు దొరకలేదని తెలుసు, కాబట్టి వెతకొచ్చు, వెతికినా దొరక్కపోతే ఆ లోటు ఎంతో అంచనా కట్టొచ్చు. అందుకే ఆ తమ్ముడి మాట నేను తిరగేస్తాను, ఆసుపత్రి డేటా పెరిగేకొద్దీ ఊళ్ళు తిరిగే కోహార్ట్ అవసరం తగ్గదు, పెరుగుతుంది. ఆ ఉప్మా అధ్యయనం జరిగిన 29 ఊళ్ళలాంటి చోట మనుషులు తెలిస్తేనే వాళ్ళ ఆరోగ్యశ్రీ రికార్డులో ఎంత పట్టుబడుతోంది, ఎంత జారిపోతోంది అనేది కొలవగలం. వాళ్ళ ఒప్పుకోలుతో ఆభా నంబరు కలిపితే బంగారం. ఒప్పుకోలు లేకుండా కలపొద్దు, ఆ అత్తగారి మాట గుర్తుపెట్టుకోండి.

డబ్బు విషయానికొస్తే, ఖర్చు పెట్టాల్సింది వెతికే మనుషుల మీద. ఇప్పుడు ఫీల్డువాళ్ళని ప్రాజెక్టు ఉన్న పది నెలలకి తీసుకుంటారు, ఫారానికింత అని ఇస్తారు, ప్రాజెక్టు అయిపోగానే పంపేస్తారు, అయిదేళ్ళకి మళ్ళీ కొత్తవాళ్ళు అదే ఊరికి వెళ్తారు, ఎవరికీ ఎవరూ తెలియదు. ఒకామె గడప మీద నిలబడి నన్ను అడిగింది, "పోయినసారి గూడ గిట్లనే రెండు సీసాల రక్తం తీస్కపోయిండ్రు, ఏమొచ్చిందో చెప్పనే లేదు, మల్ల ఇప్పుడెందుకియ్యాలె?" పోయినసారి వెళ్ళింది నేను కాదు. కానీ ఆమెకి అందరం ఒకటే. ఆ రిపోర్టు ఒక్క కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చుంటే, బీపీ ఎక్కువుంటే ఫలానా రోజు పీహెచ్‌సీకి రండి అని చెప్పుంటే, ఆమె తలుపు తీసేది. రిపోర్టు ఇస్తే మందులు మొదలుపెడతారు, సహజంగా జబ్బు ఎలా నడుస్తుందో చూడలేం అని ఒక పెద్దాయన మీటింగ్‌లో అన్నారు. నాకు ఆ మాట అస్సలు నచ్చలేదు, అప్పుడే చెప్పాను. మందు మొదలుపెట్టిన తేదీ రాసుకుందాం, అది కూడా డేటానే. మనిషికి చెప్పకుండా దాచి తెచ్చిన డేటా ఎంత శుభ్రంగా ఉన్నా రెండోసారి తలుపు తెరుచుకోదు, రెండోసారి లేకపోతే లాంగిట్యూడినల్ లేదు.

అలాగే ప్రతి ఫాలో-అప్‌లోనూ ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకోవాలి, పుట్టింటివైపు ఒకరిది తప్పనిసరిగా. ఆడపిల్లకి పెళ్ళి కాకముందే అడగాలి, నీకు పెళ్ళయ్యాక మేం ఎలా కలవాలి, ఎవరికి చెప్పి రావాలి, ఏమని చెప్పాలి అని. ఆ అమ్మాయే దారి చెప్తుంది. ఒకమ్మాయి నాతో "ఉగాదికి అమ్మింటికొస్త మేడం, అప్పుడు రండి, మా అత్తకి తెల్వొద్దు" అంది. ఉగాది మర్నాడు వెళ్ళాను, ఉంది, చంకలో పిల్లతో.

చివరగా ఒకటి అడగాలి మిమ్మల్ని. మీ ఇళ్ళల్లో రిటైరైన ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ టీచర్లు, పాత కాన్పుల నర్సులు ఉంటే, వాళ్ళ దగ్గర సొంతంగా రాసుకున్న నోటుపుస్తకాలేమైనా మిగిలుంటే దయచేసి తూకానికి వేయకండి. నాకు పంపొద్దు, అందులో జనం పేర్లున్నాయి, ఎవరికి పడితే వాళ్ళకి ఇచ్చేవి కావు. దగ్గర్లో మెడికల్ కాలేజీ ఉంటే కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళి ఇలాంటివి ఉన్నాయి, ఎలా భద్రపరచాలి అని అడగండి. మా అమ్మవి రెండు మిగిలాయి, 1991వి, 1992వి, ఇంట్లో రాసుకున్న కాపీలు, మొన్నటిదాకా అటక మీద బియ్యం డబ్బా వెనక ఉన్నాయి. ఇప్పుడు ఆదివారాలు అమ్మ పక్కన కూర్చుని అందులో మార్జిన్లు చదివిస్తున్నా, ఇంకు వెలిసిపోయిన చోట ఆమె గుర్తుకుతెచ్చుకుని చెప్తోంది, ఇప్పటికి పద్నాలుగు పేజీలయ్యాయి.